గంజి తాగే గోడలు

రాళ్లమడుగులో మధ్యాహ్నం భోజనాల వేళకు ఊరి చుట్టూ ఉన్న క్వారీల్లో పేలుళ్లు మొదలవుతాయి. కంచంలో మజ్జిగ వణుకుతుంది. గోడమీది దేవుడి పటం పక్కకు ఒరుగుతుంది. ఇల్లాలు కుడిచేత్తో ముద్ద కలుపుతూనే ఎడమచేత్తో పటం సరిచేస్తుంది. ఎంత మంచి మేస్త్రీ కట్టిన ఇంటికైనా ఏడాది తిరక్కుండా మూలల్లో సన్నటి పగులు తొంగిచూస్తుంది. ఊరికి కూడు పెట్టేది సున్నపురాయి. ఊరి ఇళ్లను కొద్దికొద్దిగా కొరికేదీ అదే.

ఆ లెక్కలో నష్టం రానివాడు పోలిశెట్టి వీరభద్రం. పేల్చిన రాయిని కాల్చి సున్నం అమ్మేదీ ఆయనే, ఆ పేలుడుకు పగిలిన గోడ పూడ్చుకోవడానికి సిమెంటు అమ్మేదీ ఆయనే. గడప తొక్కిన మనిషిని చూడగానే ఎంతవరకు అరువివ్వొచ్చో తేల్చేసే చూపు ఆయనది. మున్సిపల్ ఛైర్మన్ అయ్యాక ఊరిని కూడా ఆ చూపుతోనే చూశాడు. ఇంటిపన్ను, నీటిపన్ను కలిపితే వీధిదీపాలకే చాలవు. కృష్ణ నుంచి నీళ్లు తోడే పంపులు, చెత్త ఎత్తేవాళ్ల జీతాలు, కాలవల పూడికతీత అన్నీ రాష్ట్రం ఇచ్చే గ్రాంటు మీదే నడుస్తాయి.

“కొట్టు పేరు మనది, సరుకంతా పైవాడిది. మనం గుమాస్తాలమయ్యా!” అని కౌన్సిల్ సమావేశాల్లో నవ్వించేవాడు. అందులో నవ్వడానికేమీ లేదని అప్పటికి ఆయనకూ తెలియదు.

ఆయన కూతురు హైమావతి ఊరిచివరి ఇంజినీరింగు కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెబుతుంది. ల్యాబులో చోటు చాలక తండ్రి సిమెంటు గోడౌన్ వెనక గోడను ప్రయోగానికి అడిగింది. ఎలుకలు దూరేంత పగులున్న గోడ, ఇస్తే పోయేదేముందని ఇచ్చాడు. ఒకరోజు సరుకు చూసుకోవడానికి వెళ్లేసరికి కూతురు గిన్నెతో గోడమీద గంజి పోస్తోంది.

“ఇదేందమ్మాయ్? గోడకు జొరమొచ్చిందా, పథ్యం పెడుతున్నావ్?”

“తాగుద్ది నాన్నా. చూస్తా ఉండు.”

పోసిన గంజి నేలమీదికి జారలేదు. ఇసుకలో పోసినట్టు గోడలోకి ఇంకిపోయింది. ఆ వారం పేలుళ్లకు గోడ మళ్లీ చిట్లింది. రెండు రోజులాగి వెళ్లి చూస్తే చిట్లినచోట తెల్లటి గీత మిగిలింది, మోకాలి మీద మానిన గాయపు మచ్చలాగా. వీరభద్రం గోరుతో గీకాడు. గోరు అరిగింది కాని గీత చెక్కుచెదరలేదు.

“క్వారీ గుంటల్లో సున్నపునీళ్లలో బతికే జీవాలు నాన్నా ఇవి, కంటికి కనపడవు. గంజి తాగి రాయి కక్కుతాయి. ఎక్కడ పగిలితే అక్కడికి చేరి పూడుస్తాయి.”

“గంజికి ఎంత పడుద్ది?”

“అందరూ పారబోసేదేగా, రేటేముంది?”

“అంటే నా సిమెంటు కొట్టు మూయించే దానికి నేనే చోటిచ్చానన్నమాట!”

అన్నాడే గాని మనసులో లెక్క మొదలైంది. ఆ లెక్కలో చివర వచ్చి నిలబడింది మస్తాన్‌బీ.

మస్తాన్‌బీ ఆయన సున్నంబట్టీలో పెళ్లికాకముందు నుంచీ రాయి మోసింది. ఆమె మొగుడు కాశిం ఒక మధ్యాహ్నం ఇంట్లో అన్నం తింటుండగా పేలుడుకు గోడ కూలి దానికింద పోయాడు. ఆ రోజు పదిమందిలో వీరభద్రం, “నీకు పగలని గోడలున్న ఇల్లు చూపించే పూచీ నాది” అన్నాడు. ఏడ్చే మనిషి ముందు అందరూ ఏదో ఒకటి అంటారు. కానీ ఆయన వ్యాపారి. నోటిమాటను బాకీ కిందే జమకట్టుకునే అలవాటు. ఆ తర్వాత బట్టీ దగ్గర ఆమె ఎదురుపడ్డప్పుడల్లా మొహం తిప్పుకునేవాడు.

పేదల ఇళ్ల పథకంలో గుట్టపక్క స్థలం మంజూరైంది. ఏ సామానుతో కట్టాలో తేల్చుకునే హక్కు అప్పటికి కౌన్సిలుకే ఉంది. సున్నపుబట్టీల పిప్పితో ఇటుకలు పోసి, అందులో హైమావతి జీవాలను కలిపి, కాలనీ మొత్తం ఆ ఇటుకలతోనే లేపారు. ఖర్చు సగమైంది. మిగిలిన సగంతో కాలనీకి రోడ్డు, కుళాయి వచ్చాయి. తలుపు తాళంచెవి మస్తాన్‌బీ చేతిలో పెట్టినప్పుడు వీరభద్రం ఆమె మొహంలోకి సూటిగా చూశాడు. బాకీ తీరింది.

గోడకు వారానికొక గ్లాసు గంజి చాలని హైమావతి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

మస్తాన్‌బీ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. “వారానికోసారా? ఇంటో ముసలోళ్లకు వారానికోసారి కూడు పెడతారా ఎవురన్నా? అదేం మాట తల్లీ!”

“గోడ కదా మస్తానమ్మా, మనిషి కాదు.”

“మనిషైతే అడుగుద్ది. నోరు లేందానికి మనమే చూసి పెట్టాల.”

కాలనీ ఆడవాళ్లందరిదీ ఆ మాటే. పొయ్యిలు పెరట్లో ఉంటాయి. పొద్దున అన్నం వార్చిన గంజి వార్చినట్టే గోడ వెలుపలివైపు పోసేవాళ్లు. గోడ తాగకముందు ఇంట్లో ఎవరూ ముద్ద ముట్టేవాళ్లు కాదు. శుక్రవారం చిటికెడు బెల్లం. రంజాన్ నెలలో తమ గంజిలోంచే గోడకూ ఒక గరిటె. ఎవరింట్లో బిడ్డ పుడితే ఆ ఇంటి గోడకు పాలు కలిపిన గంజి. పేలుళ్ల వేళకు కాలనీలో ఎవరూ పటాలు సరిచేసుకోవాల్సిన పని లేకపోయింది. మస్తాన్‌బీ ఆ గోడకు వీపు ఆనించి అన్నం తినేది. కాశిం పోయాక ఆమె గోడ పక్కన కూర్చుని తినడం అదే మొదలు.

రెండేళ్లు గడిచాక హైమావతి టేపు పట్టుకుని కాలనీ అంతా కొలిచి వచ్చింది.

“నాన్నా, గోడలు బయటివైపు లావెక్కుతున్నాయి. జానెడు దాటాయి కొన్ని.”

“లోపల ఇరుకైందా?”

“లేదు. గంజి బయట్నుంచే పోస్తున్నారు కదా, అటే పెరుగుతున్నాయి. వారానికోసారే పొయ్యమని నువ్వొకమాట గట్టిగా చెప్పు. నీ మాటైతే వింటారు.”

వీరభద్రం నవ్వేశాడు. “తూకం ఎక్కువొచ్చిందని ఏడ్చేవాణ్ణి నేనింతవరకు చూడలా. పెరగనియ్యి!”

ఆయన జీవితంలో ఎక్కువ తూగింది ఎప్పుడూ లాభమే. అందుకే ఆ మాట అంత తేలిగ్గా అనగలిగాడు.

ఈలోగా జీవపు ఇటుక రాళ్లమడుగు దాటి వెళ్లింది. సముద్రం ఒడ్డున ఒక పెద్ద నగరంలో బిల్డర్లు స్థలం కలిసొస్తుందని గోడలకు చక్కెర మిల్లుల మడ్డి తాగించారు. అపార్టుమెంట్ల ప్రహరీలు ఉబ్బి ఉబ్బి సందులను మింగేశాయి. నొప్పులు పడుతున్న ఒక మనిషిని తీసుకెళ్లడానికి అంబులెన్సు లోపలికి పోలేక, తల్లీబిడ్డా ఇద్దరూ పోయారు. రాష్ట్రమంతా అట్టుడికింది. ఆ విడత సమావేశాల్లోనే శాసనసభ పెరిగే గోడలమీద చట్టం చేసింది. టీవీలో ఆ వార్త చూస్తూ వీరభద్రం, “మంచి పని చేశారు. లేకపోతే రోడ్లు కూడా మిగల్చరు ఎదవలు!” అని గట్టిగానే అన్నాడు. పక్కన కూర్చున్న హైమావతి లేచి లోపలికి వెళ్లింది.

చట్టం నకలు మున్సిపాలిటీకి వచ్చినరోజు కమిషనర్ ప్రభుదాస్ తలుపు దగ్గరకు వేసి వచ్చి కూర్చున్నాడు.

“ఛైర్మన్‌గారూ, పథకం కింద కట్టిన ఇల్లు మంజూరైన కొలత దాటితే అది పూర్తయిన ఇల్లు కిందికి రాదంట. ఊళ్లో అలాంటి ఇళ్లు ఉన్నన్నాళ్లూ ఆ ఊరికి గ్రాంటు ఆగిపోద్ది. కొలిచేది ఉపగ్రహం, మన టేపు కాదు.”

“మన కౌన్సిలు మినహాయింపు ఇచ్చేస్తే సరి. ఇంతకుముందు ఇచ్చాంగా.”

“ఆ అధికారం తీసేశారండీ.”

“పోనీ జరిమానా కడదాం.”

“సొంత డబ్బుతో కట్టుకున్న భవనాలకైతే రుసుము కట్టి క్రమబద్ధం చేసుకోవచ్చు. మీ గోడౌన్‌కు ఆ వీలుంది. పథకం ఇళ్లకు లేదు.”

వీరభద్రం నకలు తనవైపు లాక్కున్నాడు. “అంటే కొనుక్కున్నోడి గోడ పెరగొచ్చు. ఇచ్చింది తీసుకున్నోడి గోడ పెరగకూడదు. అంతేనా?”

“నేను చదివానండీ. రాసింది నేను కాదు.”

అయినా కౌన్సిలు తీర్మానం చేసింది. ఒకరిమీద ఒకరు మైకులు విసురుకునే రెండు పార్టీలవాళ్లూ ఆ రోజు కలిసి చేతులెత్తారు. తీర్మానం వెళ్లిన దారినే తిరిగొచ్చింది, ఇది మీ పరిధిలోది కాదన్న ఒక్క వాక్యంతో. పేలుళ్లన్నా ఆపిద్దామంటే గనుల అనుమతులు ఎప్పుడూ ఊరి చేతిలో లేవు.

వీరభద్రం రాజధానికి వెళ్లాడు. ఎమ్మెల్యే చీటీ పట్టుకుని ముందు ఒక గదిలో, తర్వాత మరో గదిలో కూర్చున్నాడు. చివరికి ఒక అధికారిణి ఎదుట కుర్చీ దొరికింది. పొగరు లేని మనిషి. టీ తెప్పించింది. కాలనీ ఫొటోలన్నీ ఓపిగ్గా చూసింది.

“మీ వాళ్లది తప్పు లేదండీ. నాకర్థమైంది. కానీ మీ ఊరికి ఒక తలుపు తీస్తే ఆ నగరం బిల్డర్లందరూ అందులోంచే దూరతారు. చట్టం సవరించాలంటే మళ్లీ సభలోకే వెళ్లాలి. వచ్చే ఏడాది ప్రతిపాదన పెట్టి చూద్దాం.”

“వచ్చే ఏడుదాకా మా ఊళ్లో నీళ్లుండవమ్మా. ఒక్క ఆర్నెల్లు గడువియ్యండి.”

“నా చేతిలో లేదు.”

“మరి ఎవరి చేతిలో ఉందో చెప్పండి, వాళ్ల కాళ్లు పట్టుకుంటా.”

ఆమె నిజంగానే ఆలోచించింది. ఆలోచించి, “తెలియదండీ” అంది.

చిన్నప్పటి నుంచీ బేరమాడి బతికినవాడు వీరభద్రం. ఎంత మొండివాడైనా ఎక్కడో ఒకచోట దిగుతాడని ఆయన నమ్మకం. కానీ బేరమాడాలంటే ఎదురుగా ఒక యజమాని ఉండాలి. ఇక్కడ కొట్టుంది, సరుకుంది, మంచి గుమాస్తాలున్నారు. యజమాని జాడే లేదు. తిరుగు బస్సులో కిటికీ అద్దానికి తల ఆనించి, కౌన్సిల్లో తను వేసిన గుమాస్తాల జోకు తనకే గుర్తొచ్చి కళ్లు మూసుకున్నాడు.

గ్రాంటు ఆగింది. ముందు పంపులు పూటకు తగ్గాయి, తర్వాత రోజు విడిచి రోజయ్యాయి. చెత్త బళ్లు కదలడం మానేశాయి. పంపు దగ్గర కాలనీ ఆడవాళ్లను చూసి మిగతా వార్డుల వాళ్లు బిందెలు మోగించడం మొదలుపెట్టారు.

“వచ్చారమ్మా గోడల తల్లులు! మీ గోడలు తాగుతుంటే మా గొంతులెండిపోతన్నాయ్!”

“మీ గోడలకు పోసిన గంజి మా పిల్లలకు పోసినా పుణ్యమొచ్చేదిగా!”

మస్తాన్‌బీ వరసలోంచి బయటికొచ్చింది. ఖాళీ బిందెతో నేరుగా వీరభద్రం కొట్టుకు వచ్చి మెట్టుమీద కూర్చుంది.

“శెట్టిగారా, పెరిగిందాన్ని చెక్కేస్తే సరిపోద్దా?”

ఆ మాట ఆయనకు నచ్చింది. ఎక్కువైన సరుకు తీసేస్తే తూకం సరి. కాలనీ మొత్తం గంజి పొయ్యడం మానేసి గునపాలు, ఉలులు పట్టింది. గోడల పైపొర ఊడదీసి కొలతకు తెచ్చారు. కమిషనర్ సంబరంగా కబురు పంపాడు. ఉపగ్రహం మళ్లీ కొలిచేలోగా గోడలు చెక్కినచోటల్లా ముద్దలు ముద్దలుగా ఉబ్బాయి, ముందుకంటే లావుగా. కొలత ఇంకా పెరిగింది.

“గంజి పొయ్యడం మానేశారుగా! ఎట్టా పెరిగిందమ్మాయ్?” అని కూతురు మీద అరిచాడు.

“ఇన్నాళ్లూ తాగింది దాచుకుంది నాన్నా. గాయమైతే మాన్చుకోవడమే దాని పని. నేను నేర్పింది అదొక్కటే.”

వంటింటి గడపలో కూర్చున్నారు ఇద్దరూ. హైమావతి ఆ నెలలో సగమైంది. దేశం నలుమూలల నుంచి పొగడ్తలు వచ్చిన చోటికే ఇప్పుడు తిట్లూ వస్తున్నాయి. తల్లీబిడ్డా చచ్చిపోయిన ఆ సందు ఫొటో ఆమె ఫోనులో ఉంది. తీసెయ్యమని వీరభద్రం భార్య ఎన్నిసార్లు చెప్పినా తీసెయ్యలేదు.

“ఆపడానికి దారే లేదా?”

హైమావతి ఫోను పక్కన పెట్టింది. “ఉప్పు. గంజిలో ఉప్పు ఎక్కువగా కలిపి నాలుగు రోజులు పోస్తే చచ్చిపోతాయి. ఆ తర్వాత చెక్కితే మళ్లీ పెరగదు. చచ్చింది చెప్పినట్టు వింటుంది.”

“చచ్చిన గోడ ఎన్నాళ్లుంటది?”

“మామూలు ఊళ్లోనైతే చాలాకాలం ఉంటుంది. ఈ పేలుళ్లకు...” ఆగింది. “ఒక ఎండాకాలం గడిస్తే గొప్ప. ఆ తర్వాత ఎప్పుడైనా, ఏ గోడైనా.”

“మళ్లీ నీ జీవాల్ని పుయ్యలేవా?”

“చట్టం అదీ వద్దంది నాన్నా. ఉప్పు ఎంత కలపాలో చెబుతా. నా చేత్తో మాత్రం పొయ్యను.”

వీరభద్రం ఆ రాత్రంతా లెక్క వేశాడు. ఇటుపక్క ఊరంతటి గొంతులు, అటుపక్క ఒక కాలనీ. ఇటుపక్క ఇవాళ్టి దాహం, అటుపక్క వచ్చే ఏడు కూలబోయే గోడ. కూలేలోగా సవరణ రావచ్చు, రాకపోవచ్చు. ఎటునుంచి కూడినా మొత్తం ఒకటే వచ్చింది. తప్పు దొరుకుతుందేమోనని మళ్లీ కూడాడు. ఏ లెక్కలోనూ తప్పు కోసం ఆయన అంతగా వెతికింది లేదు.

తెల్లారి తన కొట్లోంచే ఉప్పు బస్తాలు బండికెక్కించి కాలనీకి తీసుకెళ్లాడు. కౌన్సిలర్లెవరూ రాలేదు. ఆడవాళ్లు గిన్నెలతో నిలబడ్డారు. చెప్పాల్సిందంతా చెప్పాడు, దాచకుండా. చచ్చిన గోడ ఎన్నాళ్లుంటుందో కూడా చెప్పాడు. తిడతారనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఎవరూ తిట్టలేదు.

“ఒప్పుకోకపోతే?” అని వెనకనుంచి ఒకామె అడిగింది.

“నీళ్లు రావు. జీతాలు రావు. ఆఖరికి వాళ్లే వచ్చి పడగొడతారు.”

మస్తాన్‌బీ గిన్నె ముందుకు చాపింది. “ఎంత వెయ్యాల?”

ఆయన దోసిలితో ఉప్పు తీసి గంజిలో వేశాడు. ఇంకో దోసిలి. ఆమె గరిటెతో కలిపింది. వంటచేసే మనిషి అలవాటు కొద్దీ అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుని నాలిక్కి తగిలించుకుని, పక్కకు ఊసేసింది.

“పగోడి నోట్లో కూడా పొయ్యరు సామీ దీన్ని.”

అని, గోడ దగ్గరకు వెళ్లి, కొంగుతో గోడమీది దుమ్ము తుడిచింది. తర్వాత పోసింది. గోడ ఎప్పటిలాగే తాగింది. ఏ పూట ఏం పోసినా తాగడమే దానికి తెలుసు. వీరభద్రం చేతులకు అంటిన ఉప్పును పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు.

నాలుగో రోజుకు గోడలు బూడిదరంగుకు తిరిగాయి. ఉలి పెడితే పెచ్చులు మెత్తగా ఊడాయి. ఉపగ్రహం కొలిచింది. కాలనీలో ప్రతి ఇంటికీ ‘నిర్మాణం పూర్తయింది’ అన్న పత్రం వచ్చింది. గ్రాంటు విడుదలైంది. కుళాయిలు పారిన రోజు వార్డులవాళ్లు వీరభద్రానికి బంతిపూల దండ వేశారు. ఊరిని గట్టెక్కించాడని పత్రికలో ఫొటో పడింది. రాజధాని అధికారిణి ఫోన్ చేసి అభినందించింది. సవరణ ప్రతిపాదన పంపానని, అది ఒక కమిటీ దగ్గర ఉందని చెప్పింది. ఆమె గొంతులో నిజాయితీ ఉంది. అదే ఆయనకు మింగుడుపడలేదు.

హైమావతి కాలేజీలో పాఠాలు చెబుతోంది. ల్యాబు తాళం వేసింది. తండ్రితో మాట్లాడుతుంది, అన్నం తిన్నావా అంటే తిన్నానంటుంది. అంతే.

వేసవి వచ్చింది. పేలుళ్లకు కాలనీలో మొదటి పగుళ్లు కనిపించాయని, మస్తాన్‌బీ వంట, భోజనం, పడక అన్నీ పెరట్లో వేపచెట్టు కిందికి మార్చేసిందని వీరభద్రం చెవినపడింది. చూడటానికి వెళ్లలేదు. 

ఒకనాడు పొద్దున్నే గోడౌన్‌కు వెళితే వెనకవైపు ఎవరో ఉన్నట్టనిపించింది. మస్తాన్‌బీ. చేతిలో గిన్నె, గిన్నెలోంచి ఆవిరి. ఎదురుగా రుసుము కట్టి క్రమబద్ధం చేయించిన గోడ, హైమావతి మొట్టమొదట గంజి తాగించిన గోడ. తెల్లగా, నున్నగా ఉంది.

ఆయన్ను చూసి ఆమె గతుక్కుమంది.

“ఏమనుకోబాకండి శెట్టిగారా. మా గోడకు పోస్తే కిందికి కారిపోతంది. పారబొయ్యడానికి చేతులు రావట్లా. మీది బతికే ఉందిగా.”

అక్కర్లేదని చెప్పాలనుకున్నాడు. ఆ గంజి నువ్వు తాగమ్మా అని చెప్పాలనుకున్నాడు. ఆ ఇల్లు ఖాళీ చేసి నా ఇంటికి రమ్మని చెప్పాలనుకున్నాడు. కాలనీ అంతటినీ ఏ ఇంటికి రమ్మంటాడు?  పక్కకు జరిగి దారిచ్చాడు.

ఆమె పోసింది. గోడ చప్పుడు చేయకుండా తాగింది, ఒక్క చుక్క కూడా నేల పాలు కాలేదు. మస్తాన్‌బీ గిన్నె బోర్లించి చూసుకుని, గోడను అరచేత్తో ఒకసారి తట్టి వెళ్లిపోయింది. ఆ వెనకే సందు మలుపులో మరో ఇద్దరు ఆడవాళ్లు గిన్నెలతో వస్తున్నారు.

మధ్యాహ్నం పేలుళ్లు మొదలయ్యాయి. ఊరు ఉలిక్కిపడింది. గుట్టపక్క కాలనీ వైపు నుంచి పెళ్లలు రాలిన చప్పుడు, ఆ వెనక ఎవరో ఎవర్నో పేరుపెట్టి పిలుస్తున్న కేక. గోడౌన్‌లో సిమెంటు బస్తాల మీద దుమ్ము లేచి మళ్లీ సర్దుకుంది. వీరభద్రం వెనక గోడమీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. గోడ వెచ్చగా ఉంది. ఎక్కడా పగల్లేదు.